ఉడకని ఫొటోలు

పెడనలో అద్దకం పనివాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పని మీద సలహాలివ్వడమే పనిగా పెట్టుకున్నవాడు మాత్రం శోభనాద్రి ఒక్కడే. చీరల మీద అచ్చులు వేసేదీ, రంగులో ఉడికించేదీ భార్య ప్రసన్నలక్ష్మి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది ఆయన.

ఆ కుర్చీలోనే ఆయనకో పథకం తట్టింది. గుడివాడలో బట్టల కొట్టు పెట్టిన సుచిత్ర గారు నలభై చీరలు అడిగారు. ఫొటోలు నచ్చితే ఇకమీదట ఏటా మీ దగ్గరే తీసుకుంటానన్నారు. ప్రసన్నలక్ష్మి ఎప్పటిలాగే ఫోనుతో తీయబోతే శోభనాద్రి అడ్డుపడ్డాడు. బందరు వెళ్ళి స్టూడియో రామబ్రహ్మం దగ్గర కెమెరా అడిగి తెచ్చాడు. ఆరితేరినవాళ్ళంతా 'రా' అనే పద్ధతిలోనే తీస్తారని రామబ్రహ్మం అంటే అలాగే పెట్టించుకున్నాడు. ఆయన ఇంకేదో చెప్పబోయాడు గానీ, సగం విని లేచిపోవడం శోభనాద్రికి పుట్టుకతో వచ్చిన విద్య.

పొద్దున్నే పెరట్లో దండెం మీద చీరలు ఆరేసి ఫొటోలు తీశాడు. కెమెరా వెనక చిన్న తెరలో ఎరుపు దానిమ్మ గింజలా మెరిసింది.

"చూశావా, చెయ్యి తిరిగిన పనంటే ఇదీ."

"ఎవరి చెయ్యండీ?" అని ప్రసన్నలక్ష్మి తన ఎర్రబారిన వేళ్ళు చూసుకుంటూ లోపలికి వెళ్ళింది.

అవే ఫొటోలు కంప్యూటర్లో తెరిచి శోభనాద్రి కళ్ళు నులుముకున్నాడు. ఎరుపు వెలిసిపోయింది, నలుపు బూడిదలా ఉంది. చీరలన్నీ నాలుగేళ్ళు కట్టి ఉతికినట్టున్నాయి. తప్పు తనదేమోనన్న అనుమానం ఆ బుర్రలోకి రాలేదు, దండెం మీది చీరల కంటే కంప్యూటర్నే నమ్మాడు. ఈసారి ప్రసన్నకు రంగు కుదరలేదు, చెబితే బాధపడుతుంది, పరువు మనమే కాపాడాలనుకున్నాడు. వెంటనే సుచిత్ర గారికి ఫోన్ చేసి, మా ఆవిడకు ఈసారి రంగు పట్టలేదండీ, పది రోజులాగితే మళ్ళీ ఉడికిస్తాం అన్నాడు. అయితే వేరేచోట చూసుకుంటానని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

అక్కడితో ఆగాడా? రెండు చీరలు తీసుకెళ్ళి రాగి కాగులో మిగిలిన రంగునీళ్ళలో పడేసి మంట పెట్టాడు. తెల్లగా ఉండాల్సిన చోటంతా గులాబీ రంగెక్కింది.

పొగ చూసి ప్రసన్నలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. జరిగిందంతా నసుగుతూ నసుగుతూ చెప్పాడు. ఆవిడ కేకలేయలేదు. అదే ప్రాణం మీదికొచ్చింది.

"ఇరవై ఏళ్ళలో నా రంగుకి వంక పెట్టినవాళ్ళు లేరు. మొదట పెట్టింది మీరన్నమాట."

శోభనాద్రికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆవిడ దండెం మీది చీరొకటి తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టింది. కెమెరాలో అదే ఫొటో చూసింది. చీర ఎరుపు, కెమెరా ఎరుపు, కంప్యూటరు బూడిద. రామబ్రహ్మానికి ఫోన్ చేసి సంగతి అడిగింది.

"చిన్న తెరలో కనబడేది కెమెరా తనే రంగూ వెలుగూ సర్ది చూపించే బొమ్మమ్మా. 'రా' అంటే పచ్చిది. ఫోనైతే అన్నీ తనే సర్ది ఇస్తుంది, దీన్ని మాత్రం కంప్యూటర్లో మనమే సర్దుకోవాలి. అది చెప్పేలోపే బావగారు బస్సుకి టైమైందని లేచిపోయారు."

ప్రసన్నలక్ష్మి భర్త వైపు తిరిగింది. "పటికతో అచ్చేసిన గుడ్డని, ఉడకబెట్టకముందే చూసి రంగు లేదన్నట్టుంది మీ పని."

పటిక వేసిన చోట కాగులో ఉడికితేగాని ఎరుపు తేలదని పెడనలో చంటిపిల్లలకూ తెలుసు. అద్దకం ఇంట్లో ఇన్నేళ్ళు తిన్నవాడికి ఈ ముక్క తట్టలేదు.

ఆవిడ చీర ఒళ్ళో పెట్టుకుని, రెండూ ఒకటయ్యేదాకా తెర మీది రంగు సర్దుకుంటూ కూర్చుంది. ఫొటోలు పంపి ఫోను భర్త చేతిలో పెట్టింది. ఆయన సుచిత్ర గారితో, తప్పు మా ఆవిడ రంగులో లేదండీ, నా బుర్రలో ఉంది అని ఒప్పుకున్నాడు.

శుక్రవారం సుచిత్ర గారే వచ్చి ముప్ఫై ఎనిమిది చీరలూ చేత్తో తడిమి చూసుకుని తీసుకున్నారు. గులాబీ చీరల కథ ఆయన నోటితోనే చెప్పించుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

ఆవిడ వెళ్ళాక ప్రసన్నలక్ష్మి కంప్యూటర్లో ఒక ఫొటో చూపించింది. అందులో గులాబీ చీరలు పట్టుకుని నిలబడ్డ శోభనాద్రి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆయనకు ఒక సాకు దొరికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

"ఇది పచ్చి ఫొటో ప్రసన్నా, అందుకే ముఖం అలా పాలిపోయింది. కొంచెం సర్దితే కళ వచ్చేస్తుంది."

"ఇది నా ఫోనుతో తీశానండీ."