సంఘం పెట్టె ఖాళీగా ఉంటేనే వీధికి క్షేమం

సంఘమన్నాక డబ్బు ఉండకూడదు! ఉంటే ఖర్చు పెట్టాలన్న దురద పుడుతుంది. ఆ దురద మా వీధి వ్యాపారుల సంఘానికి పదకొండేళ్లుగా లేదు.

మాది ఇరవై రెండు కొట్ల వీధి. నేను కళ్లజోళ్లు అమ్ముతాను. దర్జీ కొట్టు ముందు మురిక్కాలువ మీది బండ విరిగితే, కొత్తది వేయించడానికే ఈ సంఘం పుట్టింది. మొదటి ఏడాదే రెండు బండలకు సరిపడా చందాలొచ్చాయి. మా అధ్యక్షుడికి ఇనుప సామాన్ల కొట్టుంది. అమ్ముడుపోని ట్రంకు పెట్టె ఒకటి డబ్బు దాచడానికి ఇచ్చాడు. ఇచ్చాడంటే, సంఘానికే అమ్మాడు లెండి.

కోశాధికారిగా ఉండమంటే ఎవరూ ముందుకు రాలేదు. దాంతో అధ్యక్షుడు నియమం పెట్టాడు: వార్షిక సమావేశానికి రానివాడే కోశాధికారి!

ఇక చూడండి మా క్రమశిక్షణ! సెలూన్ ఆయన నూట మూడు జ్వరంతో దుప్పటి కప్పుకుని వచ్చాడు. బేకరీ ఆయన మామగారిని ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి పరుగెత్తుకొచ్చాడు. వచ్చామనడానికి సాక్ష్యంగా బావమరుదులు కూడా వస్తారాయె! కుర్చీలు చాలక హాలు తీసుకున్నాం. హాలన్నాక మైకు, మైకన్నాక ఉపన్యాసం, ఉపన్యాసమన్నాక టీ, బిస్కెట్లు! చందా రెట్టింపు చేస్తే బిస్కెట్లూ రెట్టింపయ్యాయి.

ఏటా రామాయణంలో పిడకల వేటలా దర్జీ లేచి, మరి బండ సంగతేమిటని అడుగుతాడు. పోయినేడు ఆయన్ని కూర్చోబెట్టింది నేనే.

"కళ్లు పెట్టుకుని నడిస్తే గొయ్యి ఏం చేస్తుంది బావా?" అన్నాను. హాలంతా నవ్వింది.

ఈ ఏడు సమావేశానికి ఆలస్యమవుతోందని పరుగెత్తి, కళ్లజోడుతో సహా ఆ గోతిలోనే పడ్డాను. కాలు విరిగింది. సంఘ సభ్యులు ఒక్కొక్కరే నన్ను దాటుకుంటూ వెళ్లారు.

"కాస్త ఓపిక పట్టు, హాజరు వేయించుకుని వచ్చేస్తాం," అన్నాడు అధ్యక్షుడు.

ఆగింది దర్జీ ఒక్కడే. బండ ఊసెత్తకుండా నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి మోశాడు. ఆ భుజం మీద నాకు నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ వేసింది.

రానివాళ్లం ఇద్దరమే తేలాం. ఏకగ్రీవంగా జంట కోశాధికారులం! మర్నాడు పెట్టె నా మంచం దగ్గరికి వచ్చింది. తెరిస్తే రెండు బిస్కెట్ ముక్కలు, హాలు అద్దె బాకీ చీటీ.

దర్జీ పెట్టె తీసుకెళ్లి గోతి మీద బోర్లించాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది! పదకొండేళ్ల చందా చివరికి కాలువకే చేరింది.

ఇప్పుడు చెప్పండి, అందులో డబ్బే ఉంటే బోర్లించనిచ్చేవాళ్లా?