గాలిదొర, నా బేకరీ పొయ్యి

గాలిదొర మీద నాకో ఫిర్యాదుంది. గాలిదొరంటే పర్యావరణ మంత్రిగారు. ఆ పేరు పెట్టింది నేనే. అదీ ముద్దుకి! నా తెలివి అంతవరకే.

మొన్న వానాకాలంలో ఆయన ప్రకటించారు: "నగరంలో దుమ్ముని అణిచేశాను!" నిజమే. వారం నుంచి కుండపోత, గాల్లో దుమ్మంతా కాలవల్లో కలిసింది. దుమ్ము కొలిచే మీటరు ఉండేది నా బేకరీ డాబా మీదే. అద్దె కూడా అడగలేదు, గౌరవం కదా! మంత్రిగారు దానికి పట్టు రిబ్బను చుట్టారు. గాలి పీల్చే రంధ్రం మూసుకుపోయి అంకె ఇంకా దిగింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఏడో క్లాసుతో బడి మానేసినవాణ్ణి, తడిసి ముద్దై కూడా వానని లెక్కలోకి తీసుకోలేదు.

చలికాలం వచ్చింది. మీటరుకి చుట్టిన రిబ్బను చివికి ఊడిపోయింది. అంకె మూడొందలు దాటింది. మంత్రిగారు ఆఫీసరుతో సహా బేకరీలో దిగారు.

"ఏంటయ్యా ఇది?" అని ఆఫీసరుని అడిగారు.

"చలి సార్. కింద చల్లగాలి, దాని మీద వెచ్చగాలి. గిన్నెకి మూత పెట్టినట్టు దుమ్ము పైకి పోదు."

"మూతకి పర్మిషన్ ఎవరిచ్చారు?"

"ప్రకృతి సార్."

"నోటీసివ్వండి."

"అడ్రసు లేదు సార్."

"అడ్రసున్నవాణ్ణి చూడండి!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను వినయంగా బన్నుల ట్రే చాపాను. మంత్రిగారు ఒకటి కొరికి, "పొయ్యిలో కాల్చిందేనా?" అన్నారు.

"కట్టెల పొయ్యండీ! మా నాన్న చేత్తో కట్టింది. ఇంట్లో అందరం దీని మీదే బతుకుతున్నాం," అన్నాను ఛాతీ విరుచుకుని.

మా ఆవిడ వెనకనుంచి గిల్లింది. "నోరు మూసుకోవయ్యా. ఊరికి జ్వరమొస్తే థర్మామీటరు మన చంకలో ఎందుకని ఆ రోజే మొత్తుకున్నాను."

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంటే!" అన్నాను.

మర్నాడు బుల్డోజరొచ్చింది. ముందు పొయ్యి కూలింది. లేచిన దుమ్ముకి మీటరు తొమ్మిదొందలు చూపించింది.

"చూశారా, లోపల ఎంత కాలుష్యం దాచాడో!" అన్నారు మంత్రిగారు విలేకర్లతో.

తర్వాత డాబా కూలింది. దాంతోపాటు మీటరూ. ఆఫీసరు ఫోన్లో అంకె చూసుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు: "సున్నా సార్."

చప్పట్లు మోగిపోయాయి. అలవాటు కొద్దీ నా చేతులు కూడా లేచాయి. మా ఆవిడ పట్టుకుని దించింది.

ఇప్పుడక్కడ 'కాలుష్యం సున్నా' అని చెక్కిన పాలరాతి ఫలకం ఒకటి నిలబెట్టారు, నా స్థలం మొత్తం చుట్టూ ఇనప కంచె. ఫలకానికి గజం చాలు. నాకు పోయింది నలభై రెండున్నర గజాలు.