గులాబీ టమాటా ఇంకా పండలేదు

టమాటా పండిందో లేదో తేల్చే అధికారాన్ని ప్రకృతి చేతుల్లోంచి తప్పించి, మా మార్కెట్ యార్డులో రెండో బల్ల దగ్గర కూర్చునే రంగుల సారుకు అప్పగించారు. ప్రకృతి అప్పీలు చేసుకున్నట్టు లేదు. నేను చేసుకున్నాను. అందుకే ఈ గోడు.

రంగుల సారు అసలు హోదా పక్వతా నిర్ధారణ అధికారి. ఆయన ముందు ఒక అట్టముక్క ఉంటుంది. దాని మీద గళ్ళు గళ్ళుగా రంగులు, ఆకుపచ్చతో మొదలై మధ్యలో లేత గులాబీ మీదుగా ఎరుపు దాకా. కాయను ఎర్ర గడి పక్కన పెడతారు. కలిస్తే పండు, కలవకపోతే కాయ. (ఎర్ర రబ్బరు బంతి తెచ్చినా పండు కిందే కొంటారని తూకం వేసేవాడు అంటాడు. వాడి మాటలు నేను నమ్మను. బంతికి తొడిమ ఉండాలి.)

ఇక నా తెలివితేటలు. ఏడో తరగతి మధ్యలోనే చదువుకు సెలవిచ్చి, అప్పట్నుంచీ అందరికీ పాఠాలు చెబుతున్నవాణ్ణి. విత్తనాల కొట్టు నడిపే మా బావమరిది ఒకరోజు కొత్త పొట్లం చూపించాడు. గులాబీ టమాటా. పూర్తిగా పండినా రంగు గులాబీయే, ఎర్రబడదు. తొక్క పల్చన, కాపు మాత్రం మామూలు రకానికి రెట్టింపు.

"ఇది అందరూ వెయ్యలేరు బావా. కాస్త తెలిసినవాళ్ళు వెయ్యాలి" అన్నాడు.

ఆ తెలిసినవాడు నేనేనని నాకు వెంటనే అర్థమైపోయింది. నారుకూ కర్రలకూ తీగలకూ అప్పు అతనే ఇచ్చాడు. హామీగా బావి పక్క పొలం రాసిచ్చాను. మా ఆవిడ, అమ్మేచోట ఒక మాట అడిగారా అని మాత్రం అంది. మార్కెట్ సంగతి నీకేం తెలుసని నవ్వాను. (ఆ నవ్వు బాగా గుర్తుంది. తర్వాత మళ్ళీ రాలేదు.)

పంట గురించి అబద్ధం చెప్పను. విరగకాసింది. బరువుకు కర్రలు వంగిపోయాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, పనేమీ లేకపోయినా గట్టు మీద నడుం మీద చేతులేసుకుని నిలబడేవాణ్ణి.

పెట్టెలు యార్డులో దించాం. రంగుల సారు ఒక పండు తీసి అట్ట మీద జరుపుకుంటూ వెళ్ళి, గులాబీ గడి దగ్గర ఆగిపోయారు.

"ఇంకా పండలేదయ్యా. ఎర్రబడ్డాక తీసుకురా."

"పండింది సారూ. దీని రంగే ఇంత. కొరికి చూడండి."

"కొరకడం నా పరిధిలోకి రాదు. అది రుచి విభాగం."

రుచి విభాగం ఎక్కడుందని అడిగాను. ఇంకా ఏర్పాటు కాలేదట.

మార్కెట్ వాళ్ళ యాప్‌లో అప్పీలు చేసుకోమన్నారు. పెట్టెలన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. ఫొటో పంపాను. యాప్ వెంటనే నన్ను అభినందించింది. మీ కాయ చక్కగా పక్వానికి వస్తోంది, ఓపిక పట్టండి అంది. నేను ఓపిక పట్టాను. టమాటాలు పట్టలేదు. పల్చటి తొక్క కదా, అడుగు పెట్టెల్లో చిట్లి రసం కారడం మొదలైంది. మళ్ళీ ఫొటో పంపాను. మళ్ళీ అభినందించింది.

చివరికి అన్నీ తిరిగి యార్డుకు తీసుకెళ్ళాను. రంగుల సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కూడా అట్ట వదల్లేదు. నిజాయితీపరుడు. చీటీ మీద రాశారు: పచ్చివి. కుళ్ళినవి.

"రెండూ ఎలా అవుతాయి సారూ?"

"రంగు నేను చూశాను. వాసన పారిశుధ్యం వాళ్ళు చూశారు. ఎవరి పని వాళ్ళు చేశాం."

పెట్టెలన్నీ యార్డు వెనక గుంటలో పోయించారు. పండకముందే కోసి, పాడయ్యాక తెచ్చినందుకు నాకో హెచ్చరిక కూడా ఇచ్చారు. పాపం, జరిమానా వెయ్యలేదు.

అప్పు గడువు నాటికి బావమరిది ఇంటికొచ్చాడు. మా ఆవిడ మంచినీళ్ళిచ్చి, నన్నడిగిన మాటే అతన్నీ అడిగింది.

"అమ్మేచోట నువ్వైనా అడిగావురా తమ్ముడూ?"

"నేను విత్తనాలమ్ముతానక్కా. టమాటాలు కాదు."

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ ఏ అట్టా అడ్డు రాలేదు. పొలం ఏ రంగని ఎవరూ అడగలేదు, ఓపిక పట్టమని ఎవరూ అనలేదు. గుమస్తా భోజనానికి లేచేలోపే బావమరిది పేరున అయిపోయింది: నలభై సెంట్లు, బావిలో సగం వాటాతో సహా.