వార్డంతా షుగరు

ఆరో మంచం తిమ్మయ్య రక్తంలో చక్కెర నాలుగు వందల పన్నెండు ఉందని మీటరు చూపించగానే హౌస్‌సర్జన్ భూపేష్ కేసు షీటు తిరగేశాడు. నిన్న సాయంత్రం అది నూట అరవై. అప్పటి నుంచి ఆ మనిషి నోట్లో మెతుకు పడలేదు. పది గంటలకు ఆపరేషన్.

నిజానికి ఆ ఉదయం పని చాలా మామూలుది. ఆలూరు నుంచి వచ్చిన తిమ్మయ్యకు కుడికాలి బొటనవేలు నల్లబడింది. అది తీసేస్తే పాదం దక్కుతుంది. కానీ చక్కెర రెండు వందల యాభై దాటితే సర్జన్ మధులత కత్తి పట్టదు. ఆమె ఆ వార్డుకు వచ్చేది మంగళవారాలే. వారం ఆగితే నలుపు వేలి దగ్గరే ఆగుతుందని ఎవరూ చెప్పలేరు.

కర్నూలులోని ఆ బోధనాసుపత్రిలో నెల నుంచి ఒక కొత్త పద్ధతి నడుస్తోంది. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, డైటీషియన్, ఫిజియోథెరపిస్టు ఐదుగురూ ఒకే మంచం చుట్టూ నిలబడాలి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి, అందరూ ఒకే కాగితం మీద రాయాలి. భూపేష్ లెక్కలో అది ఐదుగురు కలిసి ఒక సైకిలు తొక్కడం. అందుకే ఎవరినీ అడగకుండా ఇన్సులిన్ సిరంజి నింపాడు. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న నర్సు ఏసుమణి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోసారి చూసి ఏద్దాం సారూ. కడుపులో ఏమీ లేని మనిషి."

మళ్ళీ చూస్తే మూడు వందల తొంభై ఎనిమిది. నిన్నటి ఇంజెక్షన్ వేశారా అని భూపేష్ అడిగాడు. వేశానని, ఫార్మసీ ఫ్రిజ్ సరిగా ఉందో లేదో చూసుకోమని ఏసుమణి అంది. రెండంతస్తులు ఎక్కి వచ్చిన ఫార్మసిస్టు ఓబుళేశు, ఫ్రిజ్‌కు ఏమీ కాలేదని, తప్పు తిండిదేనని తేల్చాడు. డైటీషియన్ స్వర్ణలత వెంటనే తిమ్మయ్య భార్య రామసుబ్బమ్మ సంచీ బోర్లించింది. ఒక దువ్వెన, తువ్వాలు, మందు చీటీలు రాలాయి.

"కొప్పు గూడా ఇప్పి చూపించల్లానా?" అంది రామసుబ్బమ్మ.

స్వర్ణలత తిమ్మయ్య వైపు తిరిగింది. తాను ఏమీ తినలేదని అతను రాఘవేంద్రస్వామి మీద ఒట్టేశాడు. అంత పెద్ద ఒట్టు విన్నాక ఆమె మళ్ళీ ఓబుళేశు వైపు చూసింది.

"నాకు మిషన్ మీదే అనుమానముండాది. జబ్బు లేని మనిషిని ఎవర్నన్నా చూడండి," అన్నాడు ఓబుళేశు.

ఏనాడూ తలనొప్పి కూడా ఎరగని వార్డు అటెండరు గాబ్రియేలు ధీమాగా వేలు చాపాడు. మూడు వందల యాభై ఐదు. అతను మెల్లగా స్టూలు మీద కూలబడి, తన భార్యకు ఈ సంగతి నిదానంగా చెప్పమని కోరాడు. మీటరు మార్చారు. ఐదో మంచం మూడు వందల పది. కొత్త చిక్కు ఏడో మంచం దగ్గర మొదలైంది. కేవలం హెర్నియా కోసం వచ్చిన అతనికి మూడు వందల నలభై. అందరి మధ్యా ఓబుళేశుకు మాత్రం తొంభై రెండు. అంటే మీటరుకు పిచ్చి పట్టలేదు.

మంచం నుంచి మంచానికి అంటుకునే షుగరు గురించి భూపేష్ ఐదున్నరేళ్ళ చదువులో ఎక్కడా చదవలేదు. అనుమానం కొద్దీ తన కుడిచేతి వేలే పొడుచుకున్నాడు. రెండు వందల తొంభై. ఏసుమణి అతని ఎడమచేతి వేలు పొడిచింది. తొంభై నాలుగు.

ఒకే మనిషి, రెండు షుగర్లు. వార్డు వార్డంతా ఆ రెండు చేతుల వైపే చూసింది. గాబ్రియేలు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడు, ఆ ఉదయమంతా ఎవరూ ఏమీ అడగని ఫిజియోథెరపిస్టు శామ్ గొంతు సవరించుకున్నాడు. "నేను రోజూ వీళ్ళ చేతులు పట్టుకుని నడిపిస్తా సార్. ఈ పొద్దు అందరి కుడిచేతులూ జిగటగా ఉండాయి. మందేదో పూసినారేమో అనుకున్నా."

స్వర్ణలత చటుక్కున వంగి దుప్పటి అంచు ఎత్తింది. బారుగా చీమలు. "ఇవి రక్తం కోసం రాలేదు. వేళ్ళ కోసం వచ్చినాయి," అంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చక్కెర జిగురు పూర్తిగా పోదని, సబ్బు నీళ్ళు కావాలని ఓబుళేశు చెప్పేసరికి ఏసుమణి అప్పటికే బేసిన్‌లో నీళ్ళు తెస్తోంది. తిమ్మయ్య చెయ్యి కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పొడిచింది.

నూట యాభై ఎనిమిది. సిర నుంచి తీసి ల్యాబుకు పంపిన రక్తం కూడా నూట యాభై నాలుగని కబురొచ్చింది.

భూపేష్ ట్రేలో ఉన్న సిరంజి వైపు చూశాడు. ఖాళీ కడుపు మీద అది పడి ఉంటే చక్కెర మరీ దిగజారి తిమ్మయ్య ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళేవాడే కాదు. ఒకరి చేతికి జిగురు తెలిసింది, ఒకరి కంటికి చీమ కనబడింది, ఒకరికి దూది సంగతి తెలుసు, ఒకరికి ఆగడం తెలుసు. తాను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఈ నాలుగూ కలిసి ఉన్న పేజీ ఒక్కటీ లేదు. కాగితం మీద నలుగురి పేర్లూ రాసి, తన పేరు అడుగున రాసుకున్నాడు.

పదింటికి మధులత వచ్చింది. కాగితం మొత్తం చదివింది, రెండోసారి కూడా చదివింది. తిమ్మయ్యను థియేటరుకు తీసుకురమ్మంది. తర్వాత, ఇంతకూ ఇదంతా ఎవరి పని అని అడిగింది. వార్డంతా పైనున్న ఫ్యాను వైపు చూసింది. రామసుబ్బమ్మ దువ్వెన సంచీలో పెట్టుకుంది. గాబ్రియేలు తన గోళ్ళు పరీక్షించుకున్నాడు.

స్ట్రెచర్ మీద తిమ్మయ్య రెండు చేతులూ జోడించాడు.

"నేనే తల్లీ. మంత్రాలయం నుంచి స్వామి చక్కెర ప్రసాదం తెప్పిచ్చుకుని, నా చేత్తోనే చిదిమి అందరికీ పంచినా, ఎవురికీ చెప్పొద్దని కూడా నేనే అన్నా. నా నోట్లో పలుకు గూడా ఏసుకోలేదు. ఈ డాక్టరప్ప తిడతాడని ఈయప్పకు పెట్టలేదు. నా కాలు నిలబెట్టు నాయనా అని కుడిచెయ్యి పట్టుకున్నా, అంతే."