తలుపేసుకుని వేయించిన కారం

పొద్దున దవాఖానలో గొంతులోకి కెమెరా గొట్టం వేయించుకోవాలి, సాయంత్రానికి వచ్చి కారప్పొడి చేసుకోవాలి. లక్ష్మీరాజం అనుకున్నది అంతే. సిద్దిపేటలో ఆయన టిఫిన్ సెంటర్ నడిచేదే ఆ పొడి మీద. అందులో ఏం పడుతుందో కట్టుకున్న అమృతమ్మకు కూడా చెప్పలేదు. పాతికేళ్లుగా గది తలుపులు, కిటికీలు బిడాయించుకుని ఒక్కడే మిరపకాయలు వేయిస్తున్నాడు. ఈ మధ్య పట్టుకున్న దగ్గు మాత్రం ఎంతకూ వదలడం లేదు.

గొట్టం వేసిన డాక్టరు తెర మీద ఏం చూశాడో ఏమో, మరో ఇద్దరు డాక్టర్లను పిలిచాడు. ముగ్గురూ మార్చి మార్చి చూశారు, ఫొటోలు తీసుకున్నారు. తర్వాత కొడుకు హరీశ్‌ను బయటికి పిలిచారు. రోగికి చెప్పరాని మాటలే బయట చెబుతారని తెలియనంత అమాయకుడా లక్ష్మీరాజం?

హరీశ్ నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం లేదంట బాపు. మందులు గూడ వద్దంట. ఏది తినబుద్ధయితే గది తినమన్నడు."

లక్ష్మీరాజానికి చప్పున బావమరిది రాజనర్సు గుర్తొచ్చాడు. ఆయన విషయంలోనూ డాక్టరు సరిగ్గా ఇదే మాట అన్నాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే పోయాడు.

ఇంటికొస్తే అమృతమ్మ నాటుకోడి వండి పెట్టింది. అనుమానం ఇంకా ముదిరింది. పాలు పోసే నాగేశంతో, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని, గోడు చెప్పుకున్నాడు. సాయంత్రానికల్లా కొండపాక చుట్టాలంతా యాపిల్ పండ్ల సంచులతో దిగారు. వాళ్ల మొహాలు చూసి, కొడుకు తన దగ్గరా ఏదో దాచాడని అమృతమ్మ ఏడుపు అందుకుంది. ఆమె ఏడుపు చూశాక లక్ష్మీరాజానికి ఇక అనుమానమే మిగల్లేదు. హరీశ్ ఎంత మొత్తుకున్నా, పాపం ధైర్యం చెబుతున్నాడనే అనుకున్నారు.

తాను పోతే పొడి కూడా తనతోనే పోతుంది. ఆ దిగులు తట్టుకోలేక కోడలు ఉషను గదిలోకి పిలిచి తలుపేశాడు. "బిడ్డా, మిరపకాయలు ఏగినంక గుప్పెడు కుసుమ గింజలు ఎయ్యాలె. గింతే. ఇగ నువ్వే నిలవెట్టాలె," అని కళ్లు తుడుచుకున్నాడు. ఉష కూడా కళ్లు తుడుచుకుని తలూపింది.

తెల్లారి లక్ష్మీరాజం, అమృతమ్మ డాక్టరు ముందు కూర్చున్నారు, నిజం చెప్పేదాకా లేచేది లేదని. ఆయన ఫొటో చూపించాడు. ఊపిరి గొట్టం లోపలి గోడకు జొన్నగింజలంత ఎముక బుడిపెలు. క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఏళ్లుగా ఉన్నవే. పుస్తకాల్లో తప్ప కనబడని జబ్బు కాబట్టి తోటి డాక్టర్లకు చూపించాడట.

"దగ్గు వాటి వల్ల కాదు. మీరు పొగలో ఏమైనా పని చేస్తారా?"

తలుపులేసుకుని వేయించే పాతికేళ్ల సంగతంతా అమృతమ్మ చెప్పేసింది.

"ఆ తలుపు తీయండి, చాలు," అన్నాడు డాక్టరు.

ప్రాణం దక్కింది, రహస్యం పోయింది. ఇల్లు చేరగానే లక్ష్మీరాజం, నిన్నటి మాట మరిచిపొమ్మని ఉషను బతిమాలాడు.

"గా గదిల రాలిన కుసుమలు రోజూ ఊడ్చేది నేనే కద మామా," అంది ఉష. "పెండ్లైన నెలకే తెల్సింది. నిన్న మీరు ఏడుస్తుంటే చెప్పబుద్ధి కాలె."

మర్నాటి నుంచి గది తలుపు బార్లా తెరిచే ఉంటోంది. గదిని మాత్రం లక్ష్మీరాజమే ఊడ్చుకుంటున్నాడు.