కొండగట్టెక్కిన జడ

ఆదివారం పొద్దున చెన్నూరులో తన చెప్పుల దుకాణం షట్టర్ దించుతూ యూనుస్, "ఇయ్యాల మ్యాచ్ నా జేబుల ఉన్నది" అన్నాడు. దుకాణం ఆయన బతుకుతెరువు. తాను కోచ్‌గా ఉన్న ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఆయన ప్రాణం. ఆసిఫాబాద్ గ్రౌండ్‌కు ఇవాళ జాతీయ మహిళా జట్టు సెలెక్టర్ మేడమ్ వస్తోంది. అదీ ఆయన తయారుచేసిన జ్యోతిరాణి ఆట చూడటానికి.

జ్యోతిరాణి బొగ్గుబావిలో పనిచేసే మొగిలి కూతురు. బంతి కాలికి తగిలితే గోల్‌లో పడాల్సిందే. అయితే తల్లి పోచవ్వ ఒక మాట తేల్చి చెప్పింది. ఈ ఏడు సెలెక్ట్ అయితే సరే, లేకపోతే బూట్లు అటక మీదికి, పిల్ల కుట్టుమిషన్ ముందుకి. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా యూనుస్ గుండె గుబేలుమనేది. పైకి మాత్రం మీసం దువ్వుకునేవాడు.

మేడమ్‌కు ఫోన్‌లో గుర్తులు కూడా చెప్పి పెట్టాడు. "జెర్సీల మీది నంబర్లు ఉతికి ఉతికి ఊడినయ్ మేడమ్. నంబర్‌తోని పనిలేదు. నడుం దాక జడ ఉంటది. జడ ఏడుంటే గోల్ ఆడుంటది."

ఆ జడ సంగతి ఆసిఫాబాద్ కోచ్ రామచంద్రానికీ తెలుసు. పోయినసారి ఆయన జట్టు పిల్లలు మ్యాచ్ పొడుగునా దాని వెంటే పరిగెత్తారు. ఎంతసేపూ వెనకే ఉన్నారు కాబట్టి పిల్ల ముఖం చూసే భాగ్యం ఎవరికీ కలగలేదు.

మ్యాచ్ అయ్యాక ఆసిఫాబాద్‌లోనే పెళ్లి దావత్ ఉందని యూనుస్ భార్య ఖుర్షీద్ కూడా బయల్దేరింది. ఆమె ఒళ్లో సంచి, సంచిలో సవరం. అసలు వెంట్రుకలతో కట్టించుకున్నది. అది పెట్టుకుంటే చుట్టాల్లో ఆమెను మించిన జడ లేదు. కూతురు మహెక్ జట్టులోనే ఉంది. ఉందంటే, బెంచీ మీద ఉంది. "దీనికి గోల్ కొట్టుడు రాదు, ఊకె ఉరుకుతది" అని తండ్రే కూర్చోబెట్టాడు.

గ్రౌండ్ దగ్గర బస్సు దిగిన పోచవ్వను, జ్యోతిరాణిని చూసి యూనుస్ ఎదురెళ్లాడు. జ్యోతిరాణి తల మీది తువ్వాలు తీసింది. నున్నటి గుండు, దాని మీద గంధం.

"అక్కా! గిదేంది?"

"సెలెక్టరమ్మ వస్తే తలనీలాలిస్తనని కొండగట్టు అంజన్నకు మొక్కిన సారూ. వస్తదంటివి గద, నిన్ననే పోయి తీర్చుకొచ్చినం."

"మొక్కింది నువ్వు! నీ జుట్టియ్యాలె గద!"

"నాయి నాలుగు వెంట్రుకలు. గవి ఇస్తే దేవుడు నవ్వడా?"

జ్యోతిరాణి గుండు తడుముకుని, "మస్తు అల్కగున్నది సార్. బంతి మంచిగ తగుల్తది" అంది.

యూనుస్ మేడమ్‌కు ఫోన్ కొట్టాడు. కలవలేదు. అడవి దారిలో ఉన్నట్టుంది, సిగ్నల్ లేదు. వేరే ఎవరైనా అయితే తల పట్టుకునేవారు. యూనుస్ మాత్రం "ఫికర్ లేదు" అని భార్య సంచి వైపు చూశాడు.

"అజీ, పాగల్ అయినవా? దావత్‌కు నేనెట్ల పోవాలె?"

"గంటల తిరిగిస్త. ఒక్క పిల్ల బతుకు ఉన్నది గిండ్ల."

ఖుర్షీద్ సణుగుతూనే హెడ్‌బ్యాండ్‌కు సవరం కుట్టింది. జ్యోతిరాణి వీపు మీద మళ్లీ జడ ఊగింది. పది నిమిషాలు అంతా సవ్యంగానే నడిచింది. పదకొండో నిమిషంలో గాలిలో వచ్చిన బంతిని జ్యోతిరాణి తలతో కొట్టింది. బంతి ఒక పక్కకు, జడ ఒక పక్కకు ఎగిరాయి. జడ సరిగ్గా గోల్‌కీపర్ కాళ్ల దగ్గర చుట్ట చుట్టుకుని పడింది. "పామూ!" అని ఆ పిల్ల గోల్ వదిలేసి పరిగెత్తింది. బంతి తాపీగా లోపలికి పోయింది.

రెఫరీ గోల్ చెల్లదన్నాడు. రామచంద్రం అంతటితో ఊరుకోలేదు. "పిలగాన్ని ఆడిపిస్తుండు! గుండు జూడుండ్రి!" అని మైదానంలోకి వచ్చాడు. అంతే, పోచవ్వ కొంగు బిగించి ఎదురు నిలబడింది.

"నా బిడ్డను పిలగాడంటవా? తొమ్మిది నెలలు మోసినదాన్ని నాకు తెల్వదా? రా, కొండగట్టుకు పోదాం, మంగలాయన్ను అడుగుదువు!"

రెఫరీ ఆమెకు దండం పెట్టి ఆట మొదలుపెట్టాడు.

ఇంటర్వెల్లో గేటు దగ్గర మేడమ్ కారు ఆగింది. జడ కనబడకపోతే పిల్ల రాలేదనుకుని మేడమ్ అటునుంచి అటే పోతుంది. ఎదురెళ్లి గుండును చూపించి, జడ పిల్ల ఇదేనంటే నమ్ముతుందా? యూనుస్ దుమ్ము దులిపిన సవరం పట్టుకుని మహెక్ దగ్గరికి నడిచాడు. ఈ పిల్లకు తల మీద వెంట్రుకలున్నాయి, సవరం నిలుస్తుంది.

"బేటా, ఇది పెట్టుకుని నువ్వు ఆటకు దిగు. జడ కనబడితే మేడమ్ కూసుంటది. కూసుంటే జ్యోతి గోల్స్ కనబడ్తయ్."

ఖుర్షీద్ సవరాన్ని గట్టిగా అల్లి కూతురి చెవిలో చెప్పింది. "ఒక్క వెంట్రుక పోయినా ఇంటికి రాకు."

అవతల రామచంద్రం తొడ కొట్టుకున్నాడు. "జూసిండ్రా! గుండుదాన్ని ముంగట పెట్టి అసలు పిల్లను దాచిండు. యూనుస్ సంగతి నాకు తెల్వదా? ఇద్దరు గా జడను ఇడువకుండ్రి!"

ఇక చూడాలి తమాషా. మహెక్ కుడివైపు ఉరికితే ఇద్దరు డిఫెండర్లు కుడివైపు, ఎడమకు తిరిగితే ఎడమకు. బంతి ఎటు పోతోందో ఆ ముగ్గురికీ పట్టలేదు. మధ్యలో దర్వాజా తెరిచిన ఇల్లులా గోల్ ముందంతా ఖాళీ. జ్యోతిరాణి ఒకటి కొట్టింది, రెండు కొట్టింది, మూడోది కొట్టి గంధం చెమటను తుడుచుకుంది.

మ్యాచ్ అయిపోగానే మేడమ్ యూనుస్‌ను పిలిచింది. "ఆ జడ అమ్మాయి పేరేంటండీ?"

యూనుస్ గుండె ఒక్కసారి ఎగిరింది. తన బిడ్డ ఒంటి మీద దేశం జెర్సీ! ఒక్క మాటంటే చాలు. కానీ అవతల పోచవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఇటే చూస్తోంది. ఆయనకు తన మీద తనకే సిగ్గేసింది.

"గది సవరం మేడమ్, మా ఇంటామెది. పెట్టుకున్నది నా బిడ్డ. గోల్స్ కొట్టింది మాత్రం గుండు పిల్ల. నేను ఫోన్ల చెప్పింది గా పిల్ల గురించే."

మేడమ్ నవ్వింది. "గోల్స్ ఎవరు కొట్టారో చూడ్డానికి నాకు జడ కావాలా? ఆ పిల్లను రెండో గోల్‌కే ఖాయం చేసుకున్నాను. బంతి ముట్టకుండా ఇద్దరు డిఫెండర్లను వెంటేసుకుని తిరిగే మనిషి కోసం మా జట్టు రెండేళ్లుగా వెతుకుతోంది. అందుకే పేరడిగాను. ఇద్దరినీ క్యాంపుకు పంపండి."

పోచవ్వ ఉన్నచోటే కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే అంజన్నకు దండం పెట్టింది.

"ఇంతకీ ఈ పరుగు ఎవరు నేర్పారు?" అని మేడమ్ అడిగింది.

"నేనే" అన్నాడు యూనుస్, తడుముకోకుండా.

"ఏం నేర్పినవ్ అబ్బూ?" అంది మహెక్ రొప్పుతూ. "వాళ్లు జడ గుంజుతరని ఉరికిన. పోతే అమ్మీ ఇంట్లకు రానిస్తదా?"

మేడమ్ కారెక్కుతూ, "మీ అమ్మాయిలో ఏమీ మార్చకండి. ఇవాళ ఎలా ఆడిందో అచ్చం అలాగే పంపండి" అంది. సెలెక్టర్ మాట కాబట్టి యూనుస్ అక్షరాలా పాటించాడు.

దేశానికి బిడ్డనిచ్చానని యూనుస్ దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాడు. సవరం కూడా ఇచ్చామని లోపలి నుంచి ఖుర్షీద్ గుర్తుచేస్తుంటుంది.