మాస్టారి మూడు మెట్లు

శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లి, మోకాళ్లకు నూనె రాసుకుని పడుకోవాలని సైన్సు మాస్టారు పొద్దున్నే నిర్ణయించుకున్నారు. పాపం, అంతకు మించి ఆయనకు ఏ కోరికా లేదు. అంతలో హెడ్మాస్టరు ఓ కాగితం చేతిలో పెట్టారు. పిల్లలు తమ వీధి సమస్య ఒకదానికి ఇంజనీరింగ్ పరిష్కారం చూపాలట, అదీ సోమవారంలోగా!

సమస్యను వెతకనక్కర్లేదు. బడి గేటు ముందు మురుగునీళ్లు ఏడాదిగా కాపురం ఉంటున్నాయి.

"చార్టు మీద ఓ బొమ్మ గీసి పడేయండమ్మా," అన్నారు మాస్టారు.

"బొమ్మ గీస్తే నీళ్లు పోతాయా సార్? ఎక్కడ ఆగుతున్నాయో మట్టం చూడాలి," అంది క్లాస్ లీడరు. తాపీమేస్త్రి కూతురు. వాళ్ల నాన్న మట్టం చూసే నీళ్ల గొట్టం అప్పటికే ఆమె సంచిలో ఉంది.

మాస్టారి గుండెల్లో రాయి పడింది. బడి ఉన్న వీధిలో చివరి ఇల్లు ఆయనదే. మోకాళ్లు వంగక, నిరుడు మూడు వెడల్పాటి సిమెంటు మెట్లు కట్టించుకున్నారు, సరిగ్గా మురుగు కాలవ మీద. అవి లేకపోతే ఆయన ఇంట్లోకి ఎక్కలేరు.

"వీధి మధ్యలో దర్జీ కొట్టు ఉందే, అక్కడి దాకా కొలిచి వచ్చేయండి. ఎండగా ఉంది," అని చెప్పి కుర్చీలో కళ్లు మూసుకున్నారు.

పిల్లలు మట్టం చూసిన ప్రతిచోటా గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన సెంటీమీటర్ల అంకె వేసుకుంటూ పోయారు. గోడ మీద ఎర్ర గీతంటే ఆ వీధివాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే: రోడ్డు వెడల్పు కోసం కూల్చివేత.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు దర్జీ, నోట్లో గుండుసూదులతోనే.

"కొలతలండీ. ముప్ఫై ఆరు."

ముప్ఫై ఆరు అడుగులు! కొట్టుతో పాటు వెనకింట్లో మంచం కూడా రోడ్డులో కలిసిపోతుంది. దర్జీ మందుల షాపుకి పరిగెత్తాడు. అక్కణ్ణుంచి మంగలి షాపు చేరేసరికి ముప్ఫై ఆరు కాస్తా అరవై అయింది, కూలగొట్టే యంత్రం కూడా బయల్దేరింది. "కాలవ మీద కట్టినవి మనమే కొట్టేసుకుంటే, మిగతావైనా వదిలేస్తారు," అన్నాడెవరో బుద్ధిమంతుడు. అంతే, ఇంటింటా గునపాలు లేచాయి.

పన్నెండున్నరకు మాస్టారు గేటు దాటితే కాలు తడవలేదు. ఎదురుగా అచ్చమైన రోడ్డు!

"దర్జీ కొట్టు దాకానే కదా కొలిచారు?" అని పిల్లల్ని అడిగారు.

"మీ మాట దాటుతామా సార్?"

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కుంటుకుంటూ ఇల్లు చేరారు. తలుపు ఉంది, గడప నడుం ఎత్తున ఉంది, మెట్లు లేవు. కాలవలో నీళ్లు గలగలా పోతున్నాయి. గడప మీద భార్య, చేతిలో గునపం.

"వచ్చారా! మన గోడ మీద ఆ ఎర్ర గీత రాకముందే కొట్టించేశాను. ఇవి పోయాకే గేటు దగ్గర నీళ్లు కదిలాయట. ఏడాదిగా అడ్డం మనమేనటండీ! సిగ్గుతో చచ్చాను."

మాస్టారికీ సిగ్గేసింది. కానీ మోకాళ్లకు సిగ్గుండదు కదా, అవి నొప్పి పెడుతూనే ఉన్నాయి.

"మరి నేనెక్కేదెలాగే?"

వెనకే వచ్చిన క్లాస్ లీడరు గొట్టం తీసింది. "కింద నీళ్లు పోయేలా ఇనప మెట్లు పెడదాం సార్. కొలతలు తీసుకోనా?"

"తీసుకోమ్మా," అన్నారు మాస్టారు, కాలవ ఇవతలే నిలబడి. "గీతలు మాత్రం సుద్దముక్కతో."